తలాంతు అను మాట

చదువవలసిన భాగములు: మత్తయి 25:14–30, మత్తయి 18:21–35, 2 రాజులు 5:20–27



ఇంగ్లీషు చదువు లేనివారి నోట కూడ నేడు తడుముకొనకుండ వచ్చు ఇంగ్లీషు మాటలలో 'టాలెంటు' ఒకటి. బడిలో టాలెంటు టెస్టు పెట్టుచున్నారు. టెలివిజనులో టాలెంటు షోలు వచ్చుచున్నవి. ఆగిపోయిన మోటారును విప్పి బాగుచేసిన కుర్రవానిని చూచి, వీనికి మంచి టాలెంటు ఉన్నదని పెద్దలు మెచ్చుకొందురు. మన సంఘములలోనైతే ఈ మాటకు మరియొక రూపము కలదు. అదియే తలాంతు. చక్కగా పాడువానికి పాటల తలాంతు ఉన్నదనియు, వాక్యము చెప్పువానికి ప్రసంగ తలాంతు ఉన్నదనియు అనుచుందుము. తలాంతు మన బైబిలులోని తెలుగు మాట, టాలెంటు దొరల మాట అని చాలమంది తలంచుదురు. నిజమునకు రెండును ఒకే గ్రీకు మాట. ఒకటి మత్తయి సువార్త తెలుగులోనికి వచ్చినప్పుడు దానితోకూడ నేరుగా మన యొద్దకు వచ్చినది. మరియొకటి లాటిను, ఇంగ్లీషు దేశములన్నియు తిరిగి, దారిలో అర్థములు మార్చుకొని, బడిపిల్లల పుస్తకములలోనుండి మన ఇండ్లలోనికి వచ్చినది.

గ్రీకులో 'తాలంతోన్' అనగా మొదట తక్కెడ. గ్రీకు కవి హోమరు వ్రాసిన ఇలియడ్ కావ్యములో జూస్ దేవత బంగారు తక్కెడ పట్టుకొని యోధుల చావును తూచు ఘట్టము రెండు చోట్ల వచ్చును. అక్కడ తక్కెడకు వాడిన మాట ఇదే. తరువాత తక్కెడలో వేయు బరువునకు ఆ పేరు వచ్చినది. ఆ తరువాత ఆ బరువు తూగు వెండి బంగారములకు వచ్చినది. ఈ మాట వెనుక 'మోయుట, భరించుట' అను భావముగల మిక్కిలి పాత ధాతువు ఒకటి ఉన్నదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ ధాతువునుండియే సంస్కృతములో 'తుల' అను మాట పుట్టినది. తులాభారము, తులారాశి, కంసాలి యొద్ద మనము అడుగు తులము బంగారము, ఇవన్నియు ఆ తుల పిల్లలే. కాబట్టి తలాంతును తులమును దాయాదులు. మన తెలుగు బైబిలు అనువాదకులు హెబ్రీయుల షెకెలును తులమని వ్రాసిరి. ఈ చుట్టరికము వారు ఎరిగి వ్రాసిరో, ఊరి వాడుకనుబట్టి వ్రాసిరో గాని, మాట మాత్రము చక్కగా అమరినది.

తూకమునుగూర్చి కొంచెము నిలిచి చూడవలెను. ఏలయనగా ఇది తెలియక ఉపమానమును చదువువాడు దానిలో సగము పోగొట్టుకొనును. ఏథెన్సువారి తలాంతు దాదాపు 26 కిలోలు. బబులోనువారు 60 షెకెలులు ఒక మినా, 60 మినాలు ఒక తలాంతు అని లెక్కించిరి. హెబ్రీయులు దీనికి 'కిక్కార్' అని పేరు పెట్టిరి. కిక్కార్ అనగా గుండ్రనిది. గుండ్రని రొట్టెకును, యొర్దాను చుట్టుపట్ల మైదానమునకును ఇదే పేరు. లోహమును కరగించి గుండ్రని దిమ్మగా పోయుటవలన ఆ బరువునకు ఈ పేరు వచ్చియుండును. ఇందులో ఎన్ని షెకెలులో ధర్మశాస్త్రము సూటిగా చెప్పలేదు గాని, లెక్క కట్టుకొనుటకు తగిన అంకెలు నిర్గమకాండము 38వ అధ్యాయములో ఉన్నవి. లెక్కింపబడిన పురుషులు 6,03,550 మంది; తలకు అరతులము. మొత్తము 3,01,775 తులములు. మూలములో ఈ మొత్తము 100 తలాంతులు, ఆపైన 1,775 తులములు అని ఉన్నది. 1,775 తీసివేయగా 3,00,000 మిగులును. దానిని నూటితో భాగించిన తలాంతునకు 3,000 తులములు వచ్చును. ఆదివారపు బడిలో పెద్ద పిల్లలచేత ఈ లెక్క చేయించుడి. బైబిలులోని అంకెలు ఊరక వ్రాసినవి కావని వారే కనుగొందురు.

ఈ లెక్కన హెబ్రీయుల తలాంతు సుమారు 34 కిలోలు. మన 75 కిలోల వడ్ల బస్తాలో సగమునకు కొంచెము తక్కువ. ఇది ఎంత బరువో గేహజీ కథ చదివినవారికి తెలియును. నయమాను అతనికి రెండు తలాంతుల వెండిని రెండు సంచులలో కట్టించి, ఇద్దరు పనివారిచేత మోయించి పంపెను. మన తెలుగు బైబిలులో అక్కడ మణుగులని యున్నది. మూలములో ఉన్నది తలాంతులే. సంచికి ఒక తలాంతు, మనిషికి ఒక సంచి. అనగా తలాంతు ఒక మనిషి మోత. గేహజీ మెట్టయొద్దకు వచ్చి ఆ సంచులను ఇంటిలో దాచుకొని పనివారిని వెనుకకు పంపివేసెను. అంత బరువును చాటున దాచుట ఎంత కష్టమో ఆలోచించుడి. అబద్ధమునకు కూడ కూలి ఇచ్చి మోయించుకొనవలసి వచ్చినది!

యేసు ప్రభువు దినములలో తలాంతు అనగా ప్రజలకు డబ్బు లెక్కయే. ఒక తలాంతునకు 6,000 ద్రాక్మాలు. ద్రాక్మాయు రోమీయుల దేనారమును ఇంచుమించు సమానము. ద్రాక్షతోటలో పనివారికి దినమునకు ఒక దేనారము కూలి అని మత్తయి 20వ అధ్యాయములో చదువుచున్నాము. కాబట్టి ఒక తలాంతు 6,000 దినముల కూలి. విశ్రాంతి దినములు, పండుగలు, పని దొరకని దినములు తీసివేసి సంవత్సరమునకు 300 దినములు వేసికొనినను, అది 20 సంవత్సరముల కష్టార్జితము. మీ ఊరి కూలిని మీరే వేసి చూచుకొనుడి. దినమునకు 400 రూపాయలనుకొన్నచో, 24 లక్షలు. ఒక్క తలాంతు గలవానికి యజమానుడు ఏదో చిల్లర విదిలించెనని మనము చిన్ననాటినుండి తలంచుచున్నాము. చిత్రపటములలో కూడ వాని చేతిలో ఒక్క నాణెమును బొమ్మగా వేయుచున్నారు. ఆ బొమ్మ తప్పు. 6,000 వెండి నాణెములు ఇరువది కిలోలకు పైబడి తూగును. వాడు పూడ్చిపెట్టినది ఒక బస్తా.

మత్తయి 18వ అధ్యాయములోని అప్పును కూడ ఈ కొలతతోనే చూడవలెను. ఆ దాసుడు అచ్చియున్నది పదివేల తలాంతులు. హేరోదు అంతిపకు గలిలయ, పెరయ ప్రాంతములనుండి సంవత్సరమునకు వచ్చిన రాబడి 200 తలాంతులని యూదుల చరిత్రకారుడైన జోసీఫసు వ్రాసెను. ఒక రాజ్యపు 50 సంవత్సరముల రాబడి ఒక దాసుని నెత్తిమీద ఉన్నదన్నమాట. వాడు తోటిదాసుని గొంతు పట్టుకొన్నది నూరు దేనారములకు. మొదటి అప్పు రెండవదానికి ఆరు లక్షల రెట్లు. ఈ మాట విన్న గలిలయ రైతులు ముందు నవ్వియుందురు, తరువాత వారి నవ్వు ఆగిపోయియుండును.

ఇక ఈ మాట ఇంగ్లీషులోనికి పోయిన దారి. లాటినులో 'తాలెంతుమ్' అనగా బరువు, డబ్బు. అయితే మధ్యయుగములలో ఫ్రాన్సు, స్పెయిను, ఇటలీ దేశములలో దీనికి వేరొక అర్థము పుట్టినది. మొగ్గు, కోరిక, మనసు లాగుడు. తక్కెడ ఒక ప్రక్కకు మొగ్గుట చూచినవారికి ఈ అర్థము వింతగా తోచదు. ఇటలీ కవి దాంతే నరకలోకమును వర్ణించుచు, బుద్ధిని కామమునకు లోబరచినవారిని గూర్చి చెప్పునప్పుడు ఆ కామమునకు ఈ మాటయే వాడెను! స్పెయిను భాషలో నేటికిని దీని రూపము ఒకటి మనిషి స్వభావమును, మనఃస్థితిని తెలుపును. ఇంగ్లీషులో కూడ 1300 ప్రాంతములలో టాలెంటు అనగా కోరికయే. నేర్పు, ప్రజ్ఞ అను అర్థము 15వ శతాబ్దమునాటికి స్థిరపడినది. అది మత్తయి 25వ అధ్యాయపు ఉపమానమునుండియే వచ్చినది. ఇది ప్రసంగ పీఠమునుండి బజారునకు దిగిన మాట.

అంతకు వెయ్యేండ్లకు ముందే బోధకులు ఈ దారి వేసియుండిరి. 407లో మృతిపొందిన క్రిసోస్తము, తలాంతులనగా ప్రతివానికిని ఉన్న శక్తి, అది ధనమైనను బోధయైనను మరి ఏదైనను కావచ్చునని బోధించెను. 604లో మృతిపొందిన రోమా సంఘాధ్యక్షుడు గ్రెగొరీ అయిదు తలాంతులను పంచేంద్రియములకు పోల్చెను. తరతరములుగా ఇట్టి ప్రసంగములు విన్న జనులు, దేవుడిచ్చిన నేర్పునంతటిని టాలెంటు అనసాగిరి. కొంతకాలమునకు ఉపమానము మరుగైపోయినది, మాట మిగిలినది. టాలెంటు గలవాడు అను అర్థములో దీనినుండి క్రొత్త విశేషణము ఒకటి పుట్టగా, ఇంగ్లీషు కవి కోల్రిడ్జి 1832లో దానిమీద మండిపడెను. ఇట్లు నాణెముల పేర్లనుండి మాటలు చేసికొనుచు పోయినచో కాని, పైస పేర్లనుండి కూడ చేసికొనవచ్చునే అని ఆయన ఎగతాళి. ఆయన కోపము ఎవరును లక్ష్యపెట్టలేదు. 20వ శతాబ్దములో సినిమావారు నటులనే టాలెంటు అని పిలువ మొదలుపెట్టిరి. తక్కెడ బరువైనది, బరువు డబ్బైనది, డబ్బు నేర్పైనది, చివరకు మనిషియే అంగడి సరుకైనాడు.

ఈ ప్రయాణములో ఒక సంగతి జారిపోయినది. ఉపమానములో తలాంతు దాసునిది కాదు, యజమానునిది, అప్పగింపబడినది. నేడు టాలెంటు అన్నప్పుడు మనము చెప్పునది పుట్టుకతో వచ్చినది, వాని సొంతము. 1865లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టను అను విద్వాంసుడు, టాలెంటు వంశములో రక్తమువలన వచ్చునని ఒక పత్రికలో వ్రాసెను. 1869లో దానినే పెద్ద గ్రంథముగా ప్రకటించెను. పేరుమోసిన న్యాయాధిపతులు, సేనాపతులు, కవులు మొదలగువారి బంధువులను లెక్కించి, గొప్పవారి కడుపున గొప్పవారు పుట్టుదురని తేల్చెను. ఆ కుటుంబములకు భూములు, బడులు, పరిచయములు కూడ తండ్రినుండి కొడుకునకు వచ్చుచుండెనను సంగతికి తగిన విలువ ఇయ్యలేదు. ఆ వాదము పెరిగి పెరిగి, 1907లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రములో, పనికిరానివారని ఎంచబడిన మనుష్యులకు పిల్లలు పుట్టకుండ బలవంతముగా చేయు చట్టమువరకు పోయినది.

ఈ వాదము మనకు క్రొత్తది కాదు. గాల్టను పుట్టకముందే మన గ్రామములలో ఇది ఉన్నది. ఫలాని కులమువారికి అక్షరము వచ్చును, ఫలాని పేటవారికి రాదు అనుట మన తాతలు విన్నారు. విని, కొందరు నమ్మినారు కూడ. అది మిక్కిలి విచారకరమైన సంగతి. వినుకొండలో 1895లో పుట్టిన గుఱ్ఱము జాషువ గారిని, కులమును చూచి కవిగా అంగీకరింపనివారు ఎందరో ఉండిరి. ఆయన గబ్బిలము వ్రాసెను. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. రక్తమును తూచు తక్కెడ ఎవరి చేతిలోను లేదు.

ఇప్పుడు ఉపమానమును మరల తెరచి 15వ వచనమును నిదానముగా చదువుడి. యజమానుడు ఎవని సామర్థ్యమును బట్టి వానికి తలాంతులు ఇచ్చెనని అక్కడ ఉన్నది. సామర్థ్యము ఒకటి, తలాంతు మరియొకటి. సామర్థ్యము ముందే ఉన్నది. దానిని చూచి తలాంతు ఇయ్యబడినది. మరి తలాంతే సామర్థ్యమైన యెడల, సామర్థ్యమును బట్టి సామర్థ్యము ఇచ్చెనని చదువవలసి వచ్చును, అది పొసగదు. క్రిసోస్తము వంటి మహనీయులతో వాదించుటకు మాకు అర్హత లేదు. ఆయన బోధవలన కలిగిన మేలు గొప్పది. అయినను ఈ వచనమునుబట్టి చూడగా, తలాంతు అనగా మన లోపల ఉన్న నేర్పు కంటె, మన చేతిలో ఉంచబడిన యజమానుని ఆస్తి అని చెప్పుట మూలమునకు దగ్గరగా ఉన్నదని మా అభిప్రాయము. సువార్త ఆయన ఆస్తి. ఆయన ప్రజలు ఆయన ఆస్తి. మనకు దొరికిన దినములును ఆయనవే.

ఈ భేదము పుస్తకములలోని భేదము మాత్రమే అనుకొనకుడి. మా సంఘములలో ఒక విధవరాలిని స్త్రీల సమాజములో పని తీసికొమ్మని అడిగితిమి. "నాకేమి తలాంతు ఉంది అయ్యగారూ? చదువు రాదు, గొంతు లేదు. నలుగురిలో లేచి నిలబడితే మాట రాదు" అని ఆమె చెప్పెను. ఆమె చెప్పిన మూడును నిజమే. కాని ఆ పేటలో ఎవరి పొయ్యి వెలుగలేదో, ఎవరి బిడ్డకు జ్వరము తగులుకొన్నదో, ఏ యింటి కోడలు ఏడ్చినదో మాకంటె ముందు ఆమెకు తెలియును. జనులు ఆమెకే చెప్పుకొందురు. "అమ్మా, చదువు సామర్థ్యము. అది నీకు తక్కువే కావచ్చును. ఈ ఇండ్లవారు తమ కష్టము తెచ్చి నీ యొద్ద పెట్టుచున్నారు గదా, అది ఎవరి సొమ్ము?" అని అడిగితిమి. ఆమె జవాబు చెప్పలేదు. తరువాతి వారము సమాజమునకు వచ్చి వెనుక కూర్చున్నది.

ఇట్టివారు ఇతర దేశములలోను ఉండిరి. లండనులో రాబర్ట్ లెవెట్ అను వైద్యుడు ఉండెను. పెద్ద పట్టాలు లేవు, మాట మృదువు కాదు. పేదల ఇండ్లకు నడచిపోయి, ఇచ్చినది పుచ్చుకొని, మందిచ్చి వచ్చుచుండెను. నిఘంటువు వ్రాసిన శామ్యూల్ జాన్సను తన ఇంటిలో ఆయనకు చోటిచ్చెను. 1782లో లెవెట్ చనిపోగా జాన్సను ఆయనమీద ఒక పద్యము వ్రాసి, ఒంటి తలాంతును చక్కగా వాడినవానిగా ఆయనను ఎంచెను. అంతకు నూరేండ్ల పైచిలుకు ముందు మిల్టను మహాకవి, 1652 నాటికి కన్నులు పూర్తిగా పోయినవాడై, ఈ ఉపమానమునే తలంచుకొని ఒక పద్యము వ్రాసెను. పండితుడైన మిల్టను కూడ తనను ఒక్క తలాంతు వానితోనే పోల్చుకొన్నాడు, అయిదింటివానితో కాదు.

పూడ్చిపెట్టినవానిగూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. వాడు సోమరిపోతు, దుబారామనిషి అని బోధించుట విన్నాము. దుబారా చేయలేదు, ఒక్క నాణెమైనను పోలేదు. డబ్బును కాపాడుటకు భూమిలో పాతుటకంటె వేరు మార్గము లేదని 3వ శతాబ్దపు యూదా బోధకుడు షెముయేలు చెప్పినట్లు తల్ముదులో ఉన్నది. మన ఊళ్లలో లంకెబిందెల కథలు పుట్టినదియు ఇందుకే. ఇరుగుపొరుగువారు వానిని జాగ్రత్తగల మనిషి అనియే చెప్పుకొనియుందురు. వాడు తన నోట చెప్పిన కారణము భయము. యజమానుడు విత్తనిచోట కోయువాడని వాని ఎంపిక. మిగిలిన ఇద్దరు అదే యజమానుని నమ్మి బయలుదేరిరి.

సాహుకారులయొద్ద ఉంచవలసినదని యజమానుడు చెప్పిన మాటను పట్టుకొని, నూటికి అయిదు రూపాయల నెలవడ్డీకి అప్పులిచ్చువారు తమకు వాక్యాధారము ఉన్నదనుట మేము విన్నాము. అట్టివారు దయచేసి లేవీయకాండము 25:36, 37 వచనములను కూడ చదువగోరుచున్నాము. బీదవాని యొద్ద వడ్డీ పుచ్చుకొనుటనుగూర్చి అక్కడ స్పష్టముగా ఉన్నది.

ఈ నెల కుటుంబ ప్రార్థనలలో దీనిని చదువువారు లూకా 19:11–27లోని మినాల ఉపమానమును కూడ ప్రక్కన పెట్టుకొనుడి. మినా తలాంతులో అరువదవ వంతు, అనగా నూరు దినముల కూలి. అక్కడ పదిమందికిని సమానముగా ఒక్కొక్క మినా ఇయ్యబడెను, లాభములు వేరువేరుగా వచ్చెను. ఇక్కడ ఇచ్చినది వేరువేరు, అయిదింటివానితోను రెండింటివానితోను యజమానుడు పలికిన మెప్పు మాత్రము ఒక్కటే. 21వ వచనమును 23వ వచనమును ఒకదాని క్రింద ఒకటి వ్రాసి, ఎన్ని మాటలు మారినవో పిల్లలచేత లెక్క పెట్టించుడి.